సాన పట్టని బేగం

షామీర్‌పేట,
ఏప్రిల్ రెండో వారం

మేడ్చల్ పోస్టాఫీసు కౌంటరులో కూర్చునే పద్మలత గారికి,

నజ్‌నీన్ రాయునది. మీతో మాట్లాడనని చెప్పాను, మాట్లాడటం లేదు. రాయనని మాత్రం ఎక్కడా ఒట్టు పెట్టుకోలేదు. మీరు ఫోన్ చేస్తే ఎత్తను. మీ గొంతు వింటే నాకు జాలి పుడుతుంది, జాలి పుడితే కోపం పోతుంది, ఈ కోపం పోవడం నాకు ఇష్టం లేదు.

విషయానికి వస్తాను. ఉగాది వచ్చింది, వెళ్ళింది. బేగం మాత్రం మా ఇంటికి రాలేదు.

ఒప్పందం మరిచిపోయినట్టున్నారు, చెబుతాను. కరూర్ నుంచి వచ్చిన రాళ్ళ వ్యాపారి యాప్రాల్‌లో వాళ్ళ బంధువుల ఇంట్లో పెట్టె తెరిచాడు. దూది విప్పాడు. వేలంత పొడవున్న ఆక్వామరిన్ స్ఫటికం. ఆరు పలకలు, చదునైన తల, లోపల మా చెరువు నిండినప్పటి నీళ్ళ రంగు. అడుగున తెల్లరాయి, దానికి అంటుకుని కాకిబంగారం రేకులు. ఇద్దరం ఒక్కసారే "నాకు" అన్నాం. ఒక్కరికి కొనే తాహతు లేక కలిసి కొన్నాం. బేగం అని పేరు నేను పెట్టాను. వంతులు మీరు పెట్టారు. దసరా నుంచి ఉగాది దాకా మేడ్చల్‌లో మీ బీరువా, ఉగాది నుంచి దసరా దాకా ఇక్కడ నా బీరువా. ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. లాక్‌డౌన్‌లో కూడా మీరు పోస్టాఫీసు పాసు చూపించి స్టీలు డబ్బాలో తెచ్చిచ్చారు. పోలీసాయన డబ్బాలో ఏముందంటే "ఉప్మా" అన్నారు.

కోపం సంగతి కూడా రాస్తాను. మీ అన్నగారి అమ్మాయి ఓణీల ఫంక్షన్, కొంపల్లిలో. మీ అన్న చక్రపాణి గారు పదిమందికి నన్ను చూపించి, "గీమె మా చెల్లె దోస్తు. ఇద్దరు కలిసి కంకర ఏరుకుంటరు. తలలు నెరుస్తున్నా ఆట మానలే" అన్నారు. అందరూ నవ్వారు. నవ్వనీ. మీ అన్న మాట నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. మీరు నవ్వారు. పద్మా, నువ్వు నవ్వావు. చేతిలో ప్లేటు పట్టుకుని వాళ్ళందరితో పాటు నవ్వావు.

చూడు, గారు అని మొదలుపెట్టి చివరిదాకా నిలబెట్టుకోలేకపోయాను. సరే. ఆదివారంలోపు బేగం మా ఇంట్లో ఉండాలి.

నజ్‌నీన్

*

మేడ్చల్,
ఏప్రిల్ నెలాఖరు

షామీర్‌పేట జామతోట యజమానురాలు నజ్‌నీన్ గారికి,

మీ కవరు అందింది. దాని మీద ముద్ర నేనే కొట్టాను, మామూలుకంటే గట్టిగా. పక్క కౌంటరు శ్రీకాంత్ "ఏంది మేడం, టేబుల్ ఇరుగుతది" అన్నాడు.

మీ ఉత్తరానికి జవాబు ఒక్కటే. బేగం రాదు. ఈ యేడు నా దగ్గరే ఉంటుంది.

కారణం కావాలా? మీ ఇంట్లో ఎండ. క్వారీలో బండ పేల్చిన మర్నాడు ఇద్దరం చున్నీలు నడుముకు బిగించుకుని కంకర గుట్టలో ఏరిన ఊదా స్ఫటికం గుర్తుందా? కాలేజీ రోజుల్లో మనకు దొరికిన మొదటి మంచి రాయి. దాన్ని మీరు ముచ్చటపడి కిటికీలో పెట్టారు. ఒక్క ఎండాకాలం తిరిగేసరికి బియ్యం కడిగిన నీళ్ళ రంగుకు వచ్చింది. నేను అడిగితే "అయినా అందంగానే ఉంది" అన్నారు. అలాంటి ఇంటికి బేగంను పంపే ధైర్యం నాకు లేదు.

ఇక ఆ నవ్వు గురించి. నవ్వాను. ఫంక్షన్‌లో నవ్వక ఏడుస్తారా?

నా బీరువా తాళం నా దగ్గరే ఉంది. మీరు కోపంగా ఉండదలుచుకుంటే ఉండండి. కోపానికి స్టాంపు అక్కర్లేదు.

పద్మలత

*

షామీర్‌పేట,
మే మొదటి వారం

పద్మా,

గారూ గీరూ తీసేశాను, మనకు పడవు. కోపం తీసేయలేదు.

ఎండకు వెలిసేది ఊదా రాయి. ఆక్వామరిన్ ఎండకు వెలిసిపోదు. ఈ ముక్క నాకు నేర్పిందే నువ్వు. పుస్తకం తెచ్చి, పేజీ తీసి, నా ముక్కు ముందు పెట్టి మరీ నేర్పావు. ఆ నువ్వే నాకు ఎండ కథ చెబుతావా? రాళ్ళ గురించి తెలియని మనిషికి చెప్పాల్సిన అబద్ధం నాకు చెప్పావంటే, నీకు బుర్ర పనిచేయడం లేదు. బుర్ర పనిచేయడం లేదంటే భయంలో ఉన్నావు. ఉత్తరం చదివిన రాత్రే మావారు అదీబ్‌తో అన్నాను, "పద్మ ఏదో దాస్తోంది" అని.

ఏం దాస్తున్నావో నిన్న తెలిసింది.

మా అత్తమ్మ గాజు విరిగితే అతికించడానికి అదీబ్ మేడ్చల్‌లో నగేష్ చారి దుకాణానికి వెళ్ళారు. అక్కడ మీ అన్న. మీ అన్న అరచేతిలో బేగం! "చారీ, గిది కోస్తె ఉంగరాలల్ల వెట్టే నగీనాలు ఎన్ని ఎల్తయి?" అని అడుగుతున్నారట. చారి నల్ల మార్కర్ పెన్ను తీసి ఆమె ఒంటి మీద గీతలు గీస్తున్నాడట. అదీబ్ గాజు సంగతి మరిచి ఇంటికి పరుగెత్తుకొచ్చారు. "నజ్జూ, మీ బేగంకు ఆపరేషన్ జేస్తున్నరు" అన్నారు. నేను నవ్వలేదు. గీతలు ఎక్కడెక్కడ గీశాడో మళ్ళీ చెప్పించుకున్నాను.

యా అల్లా, అది భూమి కడుపులో ఎన్ని లక్షల ఏళ్ళు పెరిగిందో! ఆరు పలకలూ ఎక్కడా వంకర పోకుండా, ఎవరి చెయ్యీ తగలకుండా పెరిగింది. దాని మీద మార్కర్ పెన్నా?

కోశారా, లేదా? మిగతాదేదీ నాకు వద్దు, ఆ ఒక్క మాట రాయి.

నజ్‌నీన్

*

మేడ్చల్,
మే రెండో వారం

నజ్జూ,

కోయలేదు. ముందు మంచినీళ్ళు తాగు, తర్వాత చదువు.

నువ్వు చెప్పింది నిజం. ఎండ కథ రాస్తున్నప్పుడే అనుకున్నాను, ఇది నజ్జూ ముందు నిలవదని. అయినా రాశాను. అసలు సంగతి రాయడానికి చెయ్యి రాలేదు.

అన్న కొంపల్లిలో విల్లా కొన్నాడని తెలుసుగా. శ్రావణంలో గృహప్రవేశం. దానికి ముందు జాతకాలు చూసే ఆయన ఒకడు ఇంటికి వచ్చాడు. గది గది తిరిగాడు. నా అద్దాల బీరువా ముందు ఆగి, ఇన్ని కచ్చా రాళ్ళు ఇంట్లో ఉంటే ఇంటాయనకు ఎదుగుదల ఉండదన్నాడు. బేగంను చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి. ఇది సాన పట్టించి ఉంగరం చేయించుకుంటే అన్న దశ తిరుగుతుందట. వదిన సృజనకు ఒకటి, అమ్మాయికి లాకెట్లో ఒకటి. నా ముందే పంచేశాడు, గుళ్ళో కొబ్బరి ముక్కలు పంచినట్టు.

నేను వద్దన్నాను. అన్న ఆయన్ను గేటు దాకా సాగనంపాడు. నీకు ఎండ కథ రాశాక, ఒకరోజు నేను డ్యూటీలో ఉన్నప్పుడు వదిన దగ్గర మారు తాళంచెవి అడిగి తీసుకుపోయాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి బీరువా చూస్తే బేగం చోటు ఖాళీ. చెప్పులు కూడా విప్పలేదు. మెడలో ఆఫీసు కార్డు అలాగే వేలాడుతోంది, చారి దుకాణానికి వెళ్ళాను. అన్న అప్పటికే వెళ్ళిపోయాడు. బేగం సాన రాయి పక్కన, నూనె మరకల గుడ్డ మీద పడుకుని ఉంది. "చారిగారూ, ఇది ఇద్దరి ఉమ్మడి సొత్తు. దీని మీద కత్తి పడితే ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి మీ దుకాణం మెట్ల మీద కూర్చుంటారు. ఒకదాన్ని నేను. రెండో ఆమె నాకంటే గయ్యాళి" అన్నాను. కోపం తెచ్చుకోకు, ఆ సమయానికి నీ పేరే పనికొచ్చింది. చారి రెండు చేతులూ ఎత్తాడు. "అమ్మా, నాకెందుకు గీ లొల్లి? తీస్కపో. ఒక్క మాట జెప్త. కోస్తె మూడు నగీనాలు ఎల్తయి, మిగిలిందంత పొడే" అన్నాడు.

అంతా పొడే! ముప్పాతిక బేగం కాలువలో కొట్టుకుపోవాలి, వీళ్ళ వేళ్ళకు మూడు చుక్కలు మిగలాలి.

గీతలు స్పిరిటుతో తుడిచాను. పలకల మీద నిలువు గాట్లుంటాయిగా, వాటిలో సిరా ఇరుక్కుంది. పిల్లల టూత్‌బ్రష్‌తో రుద్దాను. రుద్దుతూ ఏడ్చాను, రాయడానికి సిగ్గేం లేదు. ఇప్పుడు చుక్క మరక లేదు. బేగంను నీ ఇంటికి పంపితే అన్నతో గొడవ, ఆ మాట నీకు రాయడానికి ముఖం చెల్లలేదు, అందుకే మొదట రాదు అని రాశాను.

ఇప్పుడు బేగం రోజూ నాతో ఆఫీసుకు వస్తోంది. కౌంటరు కింద, నా కాళ్ళ దగ్గర, అన్నం డబ్బా పక్కన ఉంటోంది.

అన్న నిన్న తేల్చి చెప్పేశాడు. "కొత్త ఇంట్లకు నువ్వు రావాలంటె గా రాయి సాన మీదికి పోవాలె. లేకుంటె నీ తొవ్వ నువ్వు సూస్కో." నా జీతం నేను తింటున్నాను గానీ ఇల్లు ఆయనది. అమ్మ పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నాను. ఇంకో గడప నాకు తెలియదు.

ఏం చేయాలో నాకు ఇంకా తెలియదు. కోయనివ్వను. అది మాత్రం తెలుసు.

పద్మ

*

షామీర్‌పేట,
మే మూడో వారం

పద్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒకసారి అదీబ్‌కు, ఒకసారి అత్తమ్మకు వినిపించాను. అత్తమ్మ అంతా విని, "గా పిల్లను ఈడికి రమ్మను. తోటల అర్ర ఖాలీగ ఉన్నది" అన్నది. నిన్ను ఇంకా పిల్ల అనే మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే మిగిలింది, వచ్చెయ్.

నిజంగా చెబుతున్నా. తోటలో గది సున్నం వేయించి ఉంది. నీ బీరువా, నా బీరువా పక్కపక్కన పెడదాం. మేడ్చల్ బస్సు మా గేటు ముందే ఆగుతుంది, డ్యూటీకి పోవడానికి తిప్పలు లేవు. ఆ జాతకాలాయన మా గేటు దాకా వస్తే కుక్కను వదులుతాను.

మీ అన్నకు ఎదుగుదల లేదట! రెండు టైల్సు షాపులు, విల్లా, పెద్ద కారు. ఇంకెక్కడికి ఎదుగుతాడు, దుండిగల్ మీద ఎగిరే విమానాలకు గుద్దుకునే దాకానా?

అయితే ఒకటి. నువ్వు వచ్చినా నీతో మాట్లాడతానో లేదో చెప్పలేను. నవ్వక ఏడుస్తారా అని రాశావు చూడు, ఆ వాక్యం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నేను అడిగింది వాళ్ళ నవ్వు సంగతి కాదు. మనం ఏరినవి కంకర కాదని ఆ హాలులో తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే. ఎందుకు నవ్వావు?

గది చూసిపెట్టాను. జల్దీ రా.

నజ్‌నీన్

*

మేడ్చల్,
జూన్

నజ్జూ,

ఈ ఉత్తరం, దీనితో పాటు స్టీలు డబ్బా, అదీబ్ భాయ్ చేతికి ఇచ్చాను. డబ్బాలో ఉప్మా లేదు. మూత మెల్లగా తియ్యి.

ముందు జరిగింది చెబుతాను.

ఆదివారం భోజనాల దగ్గర అన్న కొత్త ఎత్తు వేశాడు. రాత్రంతా ఆలోచించినట్టున్నాడు. "రాయిల సగం నీది, సగం గామెది, అంతేగద? గామె సగం మనకొద్దు. నీ సగం మటుకు కోపిద్దాం. ఎవలి హక్కు వాళ్ళకే" అన్నాడు. వదిన తల ఊపింది. అమ్మాయి కూడా "అత్తా, సగమే కదా" అంది. ఎంత న్యాయంగా ఉందో చూడు! పులిహోర వడ్డిస్తూ నా పీక కోసే న్యాయం.

నోటికి వచ్చింది వచ్చినట్టు చెప్పేశాను. "నాకు సగం లేదన్నా. నా సగం నజ్‌నీన్‌కు ఇచ్చేశాను. ఇప్పుడు మొత్తం ఆమెదే. కావాలంటే షామీర్‌పేట పోయి అడుగు" అన్నాను.

అన్న చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "ఎప్పుడిచ్చినవ్?" అన్నాడు. "ఇప్పుడే" అన్నాను. "పరాయి మనిషికి ఇస్తవా, ఇంట్ల మనిషికి ఇయ్యవా?" అన్నాడు. "కోయని మనిషికి ఇస్తాను" అన్నాను. ఆ ఇంట్లో నా గొంతు అంత గట్టిగా వినపడటం అదే మొదటిసారి. వదిన లేచి ఫ్యాను తగ్గించింది, పక్కవాళ్ళకు వినపడకుండా పెంచాల్సింది పోయి.

"గట్లైతె గామె దగ్గరికే పో" అన్నాడు అన్న.

అక్కడికీ పోనన్నాను. నజ్జూ, నీ గది వద్దని కాదు. అత్తమ్మకు నా దండాలు చెప్పు. అన్న నీడ వదిలి నీ నీడలోకి వస్తే నాకు నేనేం మిగులుతాను? బస్‌డిపో వెనక దుర్గాబాయి అని ఇస్త్రీ దుకాణం ఆమె ఉంది, ఆమె మేడ మీద గది తీసుకున్నాను. గది చిన్నది. రాళ్ళకు చోటు సరిపోయింది, నాకే కొంచెం తక్కువైంది. కింది నుంచి ఇస్త్రీ పెట్టె వేడి వస్తుంది. దుర్గాబాయి మొదటి రోజే బీరువా ముందు నిలబడి, "గివన్ని ఏం జేస్తవమ్మా?" అంది. "చూస్తాను" అన్నాను. "అంతేనా?" అంది. "అంతే" అన్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని తనూ చూసింది. ఏ రాయితో దశ తిరుగుతుందని అడగలేదు. నాకు అక్కడే నచ్చింది.

ఇప్పుడు నీ ప్రశ్న. ఎందుకు నవ్వాను? భయమేసి నవ్వాను. ఆ ఇంట్లో ఉండాలంటే అన్న జోకులకు నవ్వడం కూడా అద్దెలో భాగమే. ఇన్నేళ్ళుగా కడుతున్నాను. ఆ రోజు నిన్ను కూడా అందులో కట్టేశాను. అది తప్పు. ఇక ఆ అద్దె కట్టను, ఎవరికీ కట్టను.

బేగంను జాగ్రత్తగా చూసుకో. మన రాళ్ళ లెక్క పుస్తకంలో, బీరువాలో రాయి కింద పెట్టే చీటీ మీద నా పేరు కొట్టేసి నీ పేరు ఒక్కటే రాసుకో. నాకు దసరా వంతు కూడా వద్దు. వంతు ఉందంటే సగం ఉన్నట్టే, సగం ఉందంటే అన్న మళ్ళీ వస్తాడు. అది నిండుగా ఉంటే చాలు. నా గదిలో ఆ చోటు ఖాళీగానే ఉంచుతాను, ఇంకో రాయి పెట్టను.

డబ్బా మూత పెట్టేటప్పుడు చాలా కష్టమైంది.

పద్మ

*

షామీర్‌పేట,
జూలై మొదటి వారం

ఒసేయ్ పద్మా,

మీ అన్న నిన్న మా ఇంటికి వచ్చాడు. పెద్ద కారు జామతోట గేటులో పట్టక రోడ్డు మీదే వదిలి, బురదలో నడిచి వచ్చాడు. తెల్లబూట్లు. మా అత్తమ్మ ముందు బూట్లు చూసి, తర్వాత మనిషిని చూసింది.

మర్యాద చేశాను. కుర్చీ వేశాను, చాయ్ ఇచ్చాను. ఇంటికి వచ్చిన మనిషి కదా.

"చెల్లె, పద్మకు తెల్వక నీకిచ్చింది. నువ్వెంతంటె అంత ఇస్త. శ్రావణం దగ్గరికొచ్చింది" అన్నాడు.

"అన్నా, ఆమె ఇచ్చింది నిజమే. నేను తీసుకోలే" అన్నాను.

మీ అన్న ముఖం వెలిగిపోయింది. "తీసుకోలేదంటె సగం ఇంక మా చెల్లెదే. గా సగం ఇయ్యి మరి!" అన్నాడు.

లోపలికి వెళ్ళి బేగంను తెచ్చాను. దూదితో సహా బల్ల మీద పెట్టాను. మబ్బు పట్టి ఉంది గానీ వెలుతురు సరిపోయింది. లోపలి నీలం నిలువునా నిలబడింది. "ఏ సగమన్నా? వేలు వెట్టి సూపెట్టు" అన్నాను.

ఆయన పై భాగం చూపించాడు.

"అది నాది" అన్నాను.

కింది భాగం చూపించాడు.

"అది గూడ నాదే. మీ చెల్లెది పైనుంచి కిందిదాంక ఉన్నది, నాది గూడ పైనుంచి కిందిదాంక ఉన్నది. నువ్వు యాడ కత్తి వెట్టినా నాది తెగుతది. ఇద్దరి సొత్తు మీద ఒక్కరు వద్దంటె కత్తి ఎట్ల వెడ్తరన్నా? నేను వద్దంటున్న. కావాలంటె కోర్టుకు పో, ఆడ గూడ గిదే జెప్త" అన్నాను.

మా అత్తమ్మ మంచం మీద నుంచి, "అరే బేటా, నీ ఏలికి గింత పెద్ద రాయి ఎందుకు, కడుపు సల్లగ ఉంటె సాలదా?" అంది. ఆయనకు కోపం వచ్చింది. లేచాడు. "ఇద్దరికి పిచ్చి ముదిరింది. కంకర కోసం చెల్లె ఇల్లిడిసిపెట్టి పోయింది" అన్నాడు.

"కంకరైతె నువ్వెందుకొచ్చినవన్నా బురదల?" అన్నాను.

బూట్ల బురద కూడా దులుపుకోకుండా వెళ్ళిపోయాడు. చాయ్ సగం కూడా తాగలేదు. ఉంగరానికి ఇంకో రాయి కొనుక్కుంటాడులే, అమీర్‌పేటలో దుకాణాలకు కొదవా?

ఇప్పుడు నీ సంగతి. ఏమే, నీకు మతి ఉందా? ఇల్లు పోగొట్టుకున్నావు, దానికి దండం పెడతాను, ఆ ధైర్యం నాకు ఉండేది కాదేమో. బేగంను కూడా ఎందుకు పోగొట్టుకున్నావే? నువ్వు నీ సగం వదులుకోవాల్సిన పనే లేదు. నువ్వు ఒక్క మాట అని ఉంటే సరిపోయేది, "నజ్జూ ఒప్పుకోదు" అని. కత్తి ఆగడానికి నేనొక్కదాన్ని వద్దంటే చాలు. ఇన్నేళ్ళు కలిసి రాళ్ళు ఏరాం, నీ వెనక నేను నిలబడతానని నీకు లెక్కలోకే రాలేదు చూడు, ఆ నవ్వుకంటే నాకు ఇది ఎక్కువ నొప్పి పెట్టింది. నీ ఉత్తరం చదివి డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. నా ఇంట్లో బేగం ఉంటే ఏడవడం ఇదే మొదటిసారి.

చీటీ మీద నీ పేరు కొట్టేయలేదు. కొట్టేయను. నీ సగం నాకు వద్దు, తీసుకోను, దానం అస్సలు తీసుకోను. దసరా నాడు మీ ఇస్త్రీ దుకాణం మేడ ఎక్కి నేనే తెచ్చిస్తాను, ఆ ఖాళీ చోటు తుడిచి ఉంచు. దుర్గాబాయిని కూడా స్టూలు వేసుకుని ఉండమను.

ఇంకోసారి ఎవరికో భయపడి నీది నీది కాదని అన్నావంటే మాత్రం, బేగం సంగతి తర్వాత, ముందు నిన్ను తీసుకెళ్ళి నగేష్ చారి సాన మీద పెట్టిస్తాను. ఫోన్ చెయ్యి. ఎత్తుతాను.

నీ నజ్జూ